సీటు మూత కింద బొట్టు

బోర్డు మీద రాసిన ధరకు పడవ ఇచ్చేవాడు ఈ కువైట్‌లో ఇంకా పుట్టలేదు. ఇది నేను చదువుకొని తెలుసుకున్నది కాదు. నా మొగుడు పదకొండేండ్లు ఒక పడవల కంపెనీలో పని చేసినాడు. శుక్రవారం శుక్రవారం ఫర్వానియాలో ఆయన రూము కింద టీ అంగడిలో కలుసుకునేవాళ్ళం. పిల్లోళ్ళ సంగతులు రెండు ముక్కలు మాట్లాడి, మిగిలిన పొద్దంతా పడవల సంగతే చెప్పేవాడు. కంటైనర్లోనుంచి దిగిన పడవకు ప్లాస్టిక్ ఎట్ల విప్పుతారు, జిగురు ఎట్ల గీకుతారు, బ్యాటరీలు యాడ కూర్చోబెడతారు, అరగంట పనికి గిరాకీ దగ్గర ఎంత గుంజుతారు, అన్నీ. "పైన పటారం, లోన లొటారం మే," అనేవాడు. నాకు అప్పుడు విసుగు. పడవలు కొనేదానికా మనం వచ్చింది అని కసురుకునేదాన్ని.

ముందు పగ సంగతి చెప్తా. అది తెలీకపోతే మిగిలింది మీకు అర్థం కాదు.

మా సీమలో కొత్త బండి ఇంటికొస్తే బొట్టు పెట్టకుండా ఎవురూ తోలరు. సైకిలైనా సరే, ట్రాక్టరైనా సరే. నా మొగుడు మొదటి పడవను గిరాకీ చేతికి అప్పజెప్పిన రోజు నాకు ఫోన్ చేసి, "సముద్రం మీద పోయే బండి మే, ఉత్తగా పంపితే మనసొప్పలేదు," అన్నాడు. టెంకాయ కొట్టేదానికి అది మన ఊరా? నిమ్మకాయ పెడితే ఊరుకుంటారా? అందుకని నేనే ఉపాయం చెప్పినా. ఊరినుంచి తెచ్చుకున్న కుంకుమ పొట్లంలో సగం ఆయనకిచ్చి, "కొబ్బరినూనెలో కలిపి, కందిగింజంత, ఎవురికీ అగుపడని చోట పెట్టు," అన్నా. అంతే. అప్పటినుంచి ఏ పడవైనా సరే, గిరాకీ చేతికిచ్చే రోజు, ఆ రోజు మాత్రమే, రెండు బొట్లు. ఒకటి బ్యాటరీ పెట్టెలో, ఇంకొకటి తోలే మనిషి కూర్చునే సీటు మూత కింద, లోపల అంచుకు. పెట్టి, "పోయినోళ్ళు పోయినట్టు తిరిగి రావల్ల" అని దండం పెట్టుకునేవాడు. ఈ రెండు చోట్లూ ఆయనకు తెలుసు, నాకు తెలుసు, మూడో మనిషికి తెలీదు.

రెండేండ్ల కింద ఒక గిరాకీ బ్యాటరీ పెట్టె తెరిచి ఆ ఎర్రటి చుక్క చూసినాడు. "సిహర్! సిహర్!" అని అరుచుకుంటా కంపెనీకి వచ్చి, ఈ పడవ నాకొద్దని వాళ్ళ మొఖాన విసిరికొట్టి పోయినాడు. సిహర్ అంటే చేతబడి. ఈ దేశంలో ఆ మాట పడితే మనిషి బతుకు ఖలాస్.

సరే, ఆ గిరాకీకి తెలీదు, పాపం, భయపడినాడు. ఆయన్ను నేనేమీ అనను. నేననేది ఆ మేనేజరును. మేనేజరు మనాయనే. కోస్తా పక్కాయన, అండీ అండీ అంటా నోట్లో వెన్నముద్ద పెట్టుకున్నట్టు మాట్లాడతాడు. ఉగాదికి నేను చేసి పంపిన పులిహోర టిఫిను డబ్బా గీకి మరీ తిన్నాడు. అంతెందుకు, ఆయప్ప కొత్త కారు కొన్నప్పుడు, "నువ్వు పెడితే కలిసొస్తుందయ్యా" అని నా మొగుడి చేతనే కారుకు బొట్టు పెట్టించుకున్నాడు. ఆ మనిషి ఆ రోజు ఒక్క మాట అనుంటే చాలు. 'ఇది చేతబడి కాదు, మావాళ్ళు మంచి కోసం పెట్టేది' అని ఒక్క మాట. అనలేదు. తేలు కుట్టిన దొంగ మాదిరి గమ్మునున్నాడు. ఓనరు అడిగితే, "వాడి సంగతి నాకు తెలీదు సార్, వాడు ఒక రకం మనిషి," అన్నాడంట. వారం తిరక్కముందే నా మొగుడి చేతిలో టికెట్ పెట్టి విమానం ఎక్కించినారు.

పని పోతే పోయింది. రాయచోటిలో పని దొరకదా, మదనపల్లె మార్కెట్లో దొరకదా? ఇప్పుడు అక్కడే టమోటా పెట్టెలు ఎత్తుతాండాడు. పోయింది పేరు. ఫర్వానియా రూములో ఉన్నోళ్ళలో ఇద్దరు మా పక్క పల్లె వాళ్ళే. ఆయన ఊరు చేరకముందే మాట చేరింది. చేతబడి చేసి పట్టుబడినాడంట అని. మా పక్కింటామె, నా పెండ్లికి తలంబ్రాలు కలిపిన మనిషి, బిడ్డకు జొరమొస్తే నా మొగుణ్ణి చూసి తలుపేసుకునింది. ఆ రాత్రి ఫోన్లో ఆయన ఏడిస్తే నేను ఏడవలేదు. నా కడుపు మండింది. ఆ కుంకుమ పొట్లం ఇచ్చింది నేను. ఆ మాట చెప్పాల్సింది ఆ మేనేజరు. ఎప్పటికైనా ఆయప్ప నోటితోనే ఆ మాట చెప్పించల్ల అని అప్పుడే అనుకున్నా. మొక్కులు శానా మొక్కినా గానీ, అంత గట్టిగా ఏదీ మొక్కలేదు.

నేను తొమ్మిదేండ్లుగా ఒకే ఇంట్లో వంటపని చేస్తాండా. మా మామా, అంటే ఇంటి యజమానురాలు, బడిలో లెక్కల టీచరుగా చేసి రిటైరైంది. మంచిదే, కానీ ఒక్క ఫిల్సు తేడా వచ్చినా కూరగాయలోడిని వెనక్కి పిలిపించే రకం. పోయిన చలికాలం ఆమె మొగుడు, మా బాబా, పడవ కావాలని పిల్లోని మాదిరి పట్టుబట్టినాడు. చేపలు పట్టుకుంటాడంట. "ఈయన్ని అంగడికి పంపితే వాళ్ళు అడిగినంత ఇచ్చి, పైన టీ డబ్బులు కూడా ఇచ్చి వస్తాడు," అని మామా ఆయన్ను ఇంట్లో కూర్చోబెట్టింది. ఆమెకు మోకాళ్ళ నొప్పి. పడవ ఎక్కాలంటే పట్టుకునేదానికి ఒక భుజం కావాల. ఆ భుజం నాది.

మొదట పోయిన అంగడిలో ఈజిప్టు ఆయన ఉన్నాడు. ధర ఎక్కువే చెప్పినాడు. రెండో అంగడికి పోతా, బోర్డు చూసి నా కాళ్ళు ఆగిపోయినాయి. అదే కంపెనీ. లోపల అదే మేనేజరు. మూతికి మాస్కు, తలకు గుడ్డ, నన్ను యాడ గుర్తుపడతాడు? పనిమనిషి మొఖం చూసే అలవాటు ఆయప్పకు ఎప్పుడూ లేదు. మామాకు కాఫీ తెప్పించినాడు, ఖర్జూరాలు పెట్టించినాడు. పడవ ధర మొదటాయన చెప్పినదానికంటే శానా తక్కువ. మామా మొఖం వెలిగిపోయింది.

"మామా, మోసపోవాకు," అన్నా ఇంటికొచ్చినాక, ఉల్లిగడ్డలు తరుగుతా. "అది ఉత్త డొప్ప ధర. ఇంజను ఉందా అందులో?"

ఆమె కళ్ళజోడు సర్దుకొని నన్ను చూసింది. ఈ వంటమనిషికి ఇంజన్ల సంగతి ఎట్ల తెలుసు అన్నట్టు.

"మా ఆయన పడవల్లో చేసినాడు," అన్నా. ఏ కంపెనీ అని చెప్పలే. ఎందుకు పోయినాడో అంతకంటే చెప్పలే. ఆరోగ్యం బాగలేక ఊరికి పోయినాడనే ఆమెకు తెలుసు. మామాకు సిహర్ అంటే గుండెలు జారిపోతాయి. ఒకసారి పూలకుండీలో ముడులేసిన దారం ముక్క కనపడితే ఉప్పునీళ్ళల్లో నానబెట్టి, మూడు రోజులు ఇల్లంతా ఖురాన్ పెట్టించింది. అట్లాంటి ఆమె దగ్గర నా మొగుడి కథ చెప్పడం కొరివితో తల గోక్కున్నట్టే.

ఆ రాత్రి కాదు, మరుసటి పొద్దున టిఫిన్లు అయినాక, ఆయనకు ఫోన్ చేసి అడిగినా, పడవకు ఏమేం ఖర్చులు ఉంటాయి, వరసగా చెప్పు అని.

"ఎవురికి మే పడవ? లాటరీ తగిలిందా?" అని నవ్వినాడు. రెండేండ్లలో ఆ నవ్వు విని శానా రోజులైంది. "రాసుకో అయితే. ఇంజను వేరే. దాన్ని బిగించే కూలి వేరే. స్టీరింగు తీగలు, బ్యాటరీలు వేరే. ట్రైలరు వేరే, దాన్ని అడగకపోతే చివర్లో చెప్తారు. లైఫ్ జాకెట్లు, మంట ఆర్పే డబ్బా, అవి లేకపోతే రిజిస్ట్రేషన్ కాదు. చేపలు చూపించే మిషను. ఓడలో తెప్పించిన కూలి. మొదటి సర్వీసు ఎవురు చేయించాల అని అడుగు. ఇంకా ఒకటుంది, పడవను సిద్ధం చేసిన ఖర్చు అని ఒకటి రాస్తారు. అంటే కడిగి, తుడిచి, మైనం రుద్దినందుకు. అది నా పని. దానికి నా నెల జీతం కంటే ఎక్కువ వసూలు చేసేవాళ్ళు, దొంగనాయాళ్ళు."

మామా ఒక తెల్ల కాగితం మీద నడుమ గీత గీసింది. ఈ పక్క ఈజిప్టు ఆయనది, ఆ పక్క మేనేజరుది. నేను ఒక్కో వస్తువు చెప్తాంటే ఆమె ఫోన్ చేసి అడిగి రాసేది. ఈజిప్టు ఆయన, "అంతా కలిపే చెప్పినా మామా, ట్రైలరు ఒక్కటే వేరే," అన్నాడు. మేనేజరు మాత్రం అడిగిన ప్రతిదానికీ ఒక అంకె చెప్పినాడు. ఆ పక్క కాగితం అడుగంటా నిండిపోయి, వెనక్కి తిప్పాల్సి వచ్చింది. చివరికి కూడితే చవకంగడి ఖరీదంగడి కంటే ఎక్కువయ్యింది. మామా పెన్ను కింద పెట్టి, "యా అల్లా, వీడికి సిగ్గు లేదా," అంది. నాకు పాయసం తాగినట్టుంది.

కానీ ఆయప్ప అంత సులభంగా వదిలే రకమా? సాయంత్రానికే ఫోన్ చేసి, సిద్ధం చేసిన ఖర్చు సగం తీసేస్తా, ట్రైలరు ఊరికే ఇస్తా, రేపే వచ్చి అడ్వాన్సు కట్టండి అన్నాడు. మళ్ళీ కూడితే ఇప్పుడు ఆయప్పదే తక్కువ. లెక్కల టీచరమ్మకు లెక్కే దేవుడు. "రేపు పోదాం," అంది. నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు. నేను చేసిన లెక్కే ఆయప్పకు గిరాకీ తెచ్చిపెట్టింది.

పడవను డబ్బు కట్టకముందు కళ్ళారా చూడాలని మామా పట్టుబట్టింది. అది అమ్ఘరాలో, వాళ్ళ యార్డులో ఉందంట. మూడు గంటల అసర్ నమాజు అయినాక పోయినాం. చుట్టూ పాత ఇనుము, విరిగిన కార్లు. నడుమ తళతళా మెరుస్తా తెల్ల పడవ, పక్కన నీలం పట్టీ.

"పోయినేడాది స్టాకు మామా, అందుకే ఈ ధర. కానీ కొత్తదే. ఒక్క చుక్క సముద్రపు నీళ్ళు తగల్లేదు," అన్నాడు మేనేజరు, అరబ్బీలో.

మామాను భుజం పట్టించి ఎక్కించినా. ఆమె ముందు పక్క సీట్లు నొక్కి చూస్తాంటే, నేను వెనకాల బ్యాటరీ పెట్టె తెరిచినా. మొగుడు చెప్పిన బ్యాటరీలు ఉన్నాయో లేదో చూద్దామని, అంతే, ఇంకే ఆలోచనా లేదు. లోపలంతా అద్దం మాదిరి నున్నగా ఉండాది. ఒక మూల మాత్రం బొటనవేలంత మేర గరుకుగా, మసగ్గా ఉండాది. గరుకు కాగితంతో రుద్దినట్టు. మా ఆయన బొట్టు పెట్టే మూల అది.

లేచి, తోలే సీటు మూత ఎత్తినా. లోపలి అంచున వేలు పెట్టి తడిమినా. వంగి చూసినా. కందిగింజంత ఎరుపు. నూనెతో ఇంకిపోయి అట్లనే ఉండాది.

ఓర్నీ! అదే పడవ. ఆ గిరాకీ విసిరికొట్టి పోయిన పడవ. పైన మెరుగు పెట్టినారు, బ్యాటరీ పెట్టె రుద్దినారు, రెండేండ్లు వెనకాల దాచిపెట్టి ఇప్పుడు కొత్తది అని అమ్ముతాండారు. సిద్ధం చేసిన ఖర్చు అని రాసినారే కాగితంలో, ఆ సిద్ధం చేసింది నా మొగుడు. వాళ్ళు తరిమేసిన నా మొగుడు. ఆయన చేతిపనికి మా మామా దగ్గర మళ్ళీ డబ్బు అడుగుతాండారు!

నాకు భయం కూడా వేసింది, అబద్ధం ఎందుకు. ఈ చుక్క మామాకు చూపిస్తే, ఆమె సిహర్ అనుకుంటే, అది నా మొగుడిది అని తెలిస్తే, రేపు పొద్దునకు నేను కూడా విమానంలోనే. మూత దించేసి గమ్మునుంటే నా పని నాకుంటాది. కానీ గమ్మునుండటమే కదా ఆయప్ప చేసింది. నేనూ అదే చేస్తే ఇంక ఆయప్పను తిట్టే నోరు నాకెక్కడిది?

అబాయా జేబులో ఫోన్ తీసి మొగుడికి కలిపినా. మా ఊర్లో అప్పుడు చీకటి పడే వేళ, టీ అంగడి కాడ ఉంటాడు. "మాట్లాడాకు. గమ్మున విను," అని చెప్పి ఫోను జేబులో వేసుకున్నా. మూత మళ్ళీ ఎత్తి పట్టుకొని, "మామా, ఇదేందో చూడు," అన్నా.

మామా వంగి చూసింది. రెండడుగులు వెనక్కేసి, "అవుజు బిల్లా! ఇదేమిటి?" అని మేనేజరు వైపు తిరిగింది.

నేను ఆయప్ప మొఖమే చూస్తాండా. ముందు నుయ్యి, వెనక గొయ్యి. తెలీదు అంటే మామా ఈ పడవను ముట్టుకోదు. తెలుసు అంటే... ఆ రెండోదాని లోతు ఆయప్పకు ఇంకా అగుపడలే. అగుపడింది చేతిదాకా వచ్చిన అడ్వాన్సు ఒకటే.

"లా, లా, మామా! భయపడాల్సిందేమీ లేదు," అన్నాడు నవ్వుతా. "ఇది సిహర్ కాదు. బరకత్ కోసం, మంచి కోసం. మా హిందువులు కొత్త బండికి పెట్టే బొట్టు. చల్లగా తిరిగి రావాలని దేవుణ్ణి అడగడం, అంతే. నా సొంత కారుకు కూడా పెట్టించినా, కావాలంటే రండి చూపిస్తా."

మామా గుండె మీద చెయ్యి పెట్టుకొని ఊపిరి వదిలింది. నేను మాస్కు కిందికి లాగినా.

"నీ కారుకు ఎవురు పెట్టినారు సార్?" అన్నా తెలుగులో.

ఆయప్ప నవ్వు అట్లనే మూతి మీద ఆగిపోయింది. నన్ను పైనుంచి కిందికి చూసినాడు. మొదటిసారి నా మొఖం చూసినాడు. గుర్తుపట్టిండాడో లేదో గానీ, నేను ఎవురి మనిషినో అర్థమైంది.

అప్పుడు మామాకు అరబ్బీలో అంతా చెప్పినా. నాకు వచ్చిన వంటింటి అరబ్బీలోనే. ఈ బొట్టు పెట్టింది నా మొగుడు అని. గిరాకీ చేతికిచ్చే రోజే పెడతాడు అని. రెండేండ్ల కింద ఇదే బొట్టుకు, ఇదే పడవలో, సిహర్ చేసినాడని తరిమేసినారని. అప్పుడు ఈ సారు నాకేమీ తెలీదు అన్నాడని.

మామా అంతా వినింది. పరీక్షలో చూసి రాసిన పిల్లోణ్ణి చూసినట్టు ఆయప్పను చూసింది. "ఈమె మొగుడు ఊరికి పోయి రెండేండ్లు. ఆయన బొట్టు ఇందులో ఉంది. అంటే ఈ పడవ అప్పుడే ఒకరికి అమ్మినారు. ఒక్క చుక్క నీళ్ళు తగల్లేదు అంటివే?" అంది. ఆయప్ప ఏదో అనబోయినాడు. "ఇంకొకటి చెప్పు. ఇది బరకత్ అని నీకు ఇప్పుడే తెలిసిందా, అప్పుడు కూడా తెలుసా?"

మామా రెండు వరసల కాగితం మడిచి బ్యాగులో పెట్టుకునింది. ఆమె ఈజిప్టు ఆయన దగ్గరే కొనింది, బాబా ఆ మాట మగవాళ్ళు కబుర్లకు చేరే దివానియాలో కూర్చున్న ప్రతివానికీ చెప్పినాడు, అది వేరే సంగతి. అప్పటికి మాత్రం ఆమెను జాగ్రత్తగా పడవ దించి కారులో కూర్చోబెట్టి, నేను వెనక్కి వచ్చినా.

ఆయప్ప అక్కడే నిలబడి ఉన్నాడు. "ఏంటక్కా ఇది," అన్నాడు, గొంతు తగ్గించి. "ఒక భాష వాళ్ళం. మనలో మనమే ఇట్లా చేసుకుంటామా అండీ? నా ఉద్యోగం పోద్ది."

"ఆ రోజు నీకు తెలుగు గుర్తు రాలేదా సార్?" అన్నా. ఇంకా శానా అన్నా. అవన్నీ ఇక్కడ రాయను, నా బిడ్డలు చదువుతారు.

అప్పుడు జేబులో ఫోను గుర్తొచ్చింది. తీసి స్పీకరు పెట్టినా. "విన్నావా?" అన్నా.

అవతల టీ గ్లాసులు కడిగే చప్పుడు. ఎవురో దగ్గినారు. తర్వాత నా మొగుడు, నేను ఎప్పుడూ వినని గొంతుతో అన్నాడు: "విన్నా. కానీ ఆయన అరబ్బీలో చెప్పినాడు మే. నేనూ స్పీకరు పెట్టినా, ఈడ మనోళ్ళంతా ఉండారు. పక్కింటామె మొగుడు కూడా ఉండాడు. తెలుగులో ఒకసారి చెప్పమను."

ఫోను ఆయప్ప మూతి దగ్గర పెట్టినా. ఆయప్ప కారు వైపు చూసినాడు, కింద చూసినాడు. "అది చేతబడి కాదు," అని గొణిగినాడు. "కుంకుమ బొట్టు. మంచికే పెట్టాడు. నాకు ఆ రోజే తెలుసు."

"గట్టిగా చెప్పు సార్," అన్నా. "ఊరికి వినపడల్ల."